పిల్లల బడి సామానుతోనే టీచరుకు కానుక: పెన్సిళ్ల డబ్బా కన్న మెరుగైన ఆలోచన ఉందా?

హనుమకొండ అమ్మ | ఆగస్టు 21, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మా పాప ఐదవ తరగతి చదువుతున్నది. సెప్టెంబరు 5 దగ్గర పడుతున్నందున, ఆ తరగతిలోని 32 మంది పిల్లలు కలిసి తమ క్లాసు టీచరుకు ఏదైనా స్వయంగా చేసి ఇవ్వాలని అనుకుంటున్నారు. డబ్బులు పోగు చేసి కొనే కానుక వద్దని తల్లిదండ్రులమందరం ముందే అనుకున్నాము. ఇంట్లో ఉన్న పెన్సిళ్లు, స్కెచ్ పెన్నులు, సగం రాసి వదిలిన నోటుపుస్తకాలు, చార్టు ముక్కలు, ఇవే మా సరుకు.

నిరుడు చేసిన ప్రయత్నం గురించి కూడా చెప్పాలి. ఖాళీ రేకు డబ్బా చుట్టూ పెన్సిళ్లు నిలువుగా అతికించి పెన్నుల స్టాండు చేశాము. డబ్బా వ్యాసం 7.5 సెంటీమీటర్లు కనుక చుట్టుకొలత కట్టి 33 పెన్సిళ్లు సరిపోతాయని లెక్క వేశాము, కానీ మూడు వేళ్లు పట్టేంత సందు మిగిలిపోయింది. దానిని రిబ్బనుతో కప్పి పంపితే, ఆ వానల్లో తెల్ల జిగురు ఆరనే లేదు. టీచరు చేతికి అందించగానే నాలుగు పెన్సిళ్లు ఊడి బల్ల మీద దొర్లాయి. పిల్లలందరూ నవ్వారు, మా పాప మాత్రం ఇంటికి వచ్చి అన్నం తినలేదు. ఈసారి అట్లా కాకుండా ఉండే పని ఏదైనా చెప్పగలరు.

కాజీపేట వాసి | ఆగస్టు 21, రాత్రి 10.05

గ్రీటింగు కార్డు చాలండి. ఒక పెద్ద చార్టు మీద అందరూ సంతకాలు చేస్తే ఒక పూటలో పని అయిపోతుంది.

జనగామ లెక్కల సారు | ఆగస్టు 22, ఉదయం 6.15

హనుమకొండ అమ్మ గారూ, మీ లెక్క తప్పిన చోటు చాలా మంచి పాఠం కనుక దానిని కాస్త వివరంగా చెప్పనివ్వండి. మీరు డబ్బా చుట్టుకొలతను, అంటే 7.5 ని 3.14 తో గుణించగా వచ్చిన 23.5 సెంటీమీటర్లను, పెన్సిలు మందం 0.7 తో భాగించారు. అయితే పెన్సిళ్లు డబ్బా గోడ మీద కాక గోడకు బయట నిలుస్తాయి, వాటి నడుములన్నీ డబ్బా కన్న పెద్దదైన వలయం మీద ఉంటాయి. ఆ వలయం వ్యాసం 7.5 కు ఒక పెన్సిలు మందం కలపగా వచ్చే 8.2. దాని చుట్టుకొలత 25.7, దానిని 0.7 తో భాగిస్తే 36 కు పైచిలుకు. కనుక మీకు 36 పెన్సిళ్లు కావలసి ఉండెను. మిగిలే అర సెంటీమీటరు వెలితి రిబ్బను ముడి కింద దాగిపోతుంది. ఈ లెక్కను మీ పాప చేతనే కట్టించి చూడండి, పాఠ్యపుస్తకంలోని పది లెక్కల కన్న ఇది బాగా గుర్తుంటుంది.

ఇక ఊడిపోవడం గురించి. పెన్సిలు పైన వార్నిషు ఉంటుంది, డబ్బా రేకుది. తెల్ల జిగురు తనలోని నీరు బయటకు పోతేనే గట్టిపడుతుంది. నీటిని పీల్చుకోని ఈ రెండింటి మధ్య చిక్కుకున్న జిగురుకు, అందునా వానాకాలంలో, ఆరే దారి ఎక్కడిది? ముందు డబ్బాకు కాగితం చుట్టి అతికిస్తే కొంత మేలు.

అయినా నా సలహా వేరు. అసలు జిగురే వద్దు. డబ్బాకు రెండు రబ్బరు బ్యాండ్లు వేసి, వాటి కిందికి పెన్సిళ్లను ఒక్కొక్కటిగా దూర్చండి. పైన రిబ్బను కట్టండి. అతికించిన పెన్సిలు ఇక రాయడానికి పనికిరాదు. బ్యాండు కింద ఉన్న పెన్సిలును, మరచిపోయి వచ్చిన పిల్లవాడికి టీచరు ఎప్పుడైనా తీసి ఇవ్వవచ్చు.

మంచిర్యాల నాన్న | ఆగస్టు 22, ఉదయం 8.30

కొంచెం కటువుగా అనిపిస్తే మన్నించండి. ఇటువంటి పనులలో పిల్లల చేతిపని ఎంత, తల్లుల చేతిపని ఎంత అన్నది మనందరికీ తెలుసు. మా బాబు మూడవ తరగతిలో ఉండగా వాడి పేరుతో నేను రాత్రి పన్నెండు దాకా కూర్చుని థర్మాకోలు కోశాను, వాడు పక్కన నిద్రపోయాడు. అది నా కానుక అయింది కానీ వాడిది కాలేదు. పదేళ్ల పిల్లలు తామంతట తాము చేయలేని పనిని దయచేసి ఎవరూ సూచించవద్దు.

పరకాల పాత పంతులు | ఆగస్టు 22, మధ్యాహ్నం 2.10

మంచిర్యాల నాన్న గారి మాటతో నేను ఏకీభవిస్తాను. ప్రభుత్వ పాఠశాలల్లో ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని కనుక, తీసుకున్న వైపు నుంచి నాలుగు మాటలు చెబుతాను.

1962 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ జన్మదినాన్ని ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ రోజున మాకు వచ్చిన ప్లాస్టిక్ పూలగుత్తులు, గాజు బొమ్మలు, పేరు చెక్కిన గడియారాలు ఇంట్లో ఎక్కడ పెట్టాలో తెలియక అటకెక్కాయి. ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలలో కానుకల మీద ఆంక్షలు ఉన్నందున, ఖరీదైన వస్తువు చేతిలో పెడితే మాకు సంతోషం కన్న ఇబ్బందే ఎక్కువ. నేను ఇప్పటికీ దాచుకున్నవి రెండే. ఒకటి ఒక పిల్లవాడు చేసి ఇచ్చిన సుద్దముక్క తొడుగు. రోజంతా సుద్దముక్కతో రాస్తే వేళ్ల కొసలు ఎండి పగులుతాయి, చలికాలంలో మరీ. వాడు అది గమనించి, తన నోటుపుస్తకపు దళసరి అట్టను వేలెడు వెడల్పున కత్తిరించి, సుద్దముక్క చుట్టూ మూడు చుట్లు చుట్టి అంచుకు జిగురు రాశాడు. ముక్క అరిగిన కొద్దీ వెనుక నుంచి చిటికెన వేలితో ముందుకు నెట్టవచ్చు. దానికి అయిన ఖర్చు ఏమీ లేదు, కానీ నా వేళ్లను చూసిన పిల్లవాడు తరగతి మొత్తంలో వాడొక్కడే.

రెండవది ఉత్తరం. అందులో ‘మీరు చాలా మంచి సారు’ అన్న మాట ఎక్కడా లేదు. నేను సర్వపిండిని ఎనిమిది ముక్కలు చేసి భిన్నాలు చెప్పిన రోజున, తన వాటాకు వచ్చిన ఎనిమిదో వంతు ముక్కను సగం చేసి చెల్లెలికి తీసుకుపోయానని, అది పదహారో వంతు అవుతుందని ఆ అమ్మాయి రాసింది. పిల్లల చేత రాయిస్తే ఇటువంటిది రాయించండి. చార్టు మీద 32 సంతకాల వల్ల టీచరుకు కొత్తగా తెలిసేది ఏమీ ఉండదు, వారి పేర్లు హాజరుపట్టీలో ఎట్లాగూ ఉన్నాయి.

కాజీపేట వాసి | ఆగస్టు 22, మధ్యాహ్నం 2.40

పంతులు గారూ, చార్టు మాటను ఉపసంహరించుకుంటున్నాను.

నర్సంపేట అక్క | ఆగస్టు 22, సాయంత్రం 7.20

పెన్సిళ్లు చెక్కినప్పుడు రాలే పొట్టును ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. షార్ప్‌నర్‌ను మా చిన్నతనంలో మెండర్ అనేవాళ్లం, దానిలో నుంచి విడిపోకుండా వచ్చిన పొట్టు అచ్చంగా పూరేకులా గుండ్రంగా, అంచుకు రంగు గీతతో ఉంటుంది. మా పిల్లలు వాటితో బతుకమ్మ కార్డు చేశారు. అట్ట మీద పళ్లెం బోర్లించి గుండ్రం గీసుకుని, బయటి వరుస నుంచి లోపలికి, ఒక వరుస పసుపు పెన్సిలు పొట్టు తంగేడుకు, ఒక వరుస తెల్లగా ఉండే కర్ర పొట్టు గునుగుకు, ఇట్లా పేర్చుకుంటూ పోయి నడుమ గౌరమ్మ చోట ఒక పసుపు సుద్దముక్క కొస నిలిపారు. బయటి నుంచి మొదలు పెట్టడం ముఖ్యం, లోపలి రేకు బయటి రేకు మొదలును కప్పుకుంటూ వస్తేనే జిగురు మచ్చలు కనిపించవు.

ఒక హెచ్చరిక. ఆరడానికని దాని మీద బరువు పెట్టకండి. మేము పెద్ద నిఘంటువు పెట్టి తెల్లవారి చూసేసరికి బతుకమ్మ కాస్తా అప్పడమై ఉన్నది. చుట్టూ అట్ట ముక్కలతో వేలు మందాన గట్టు కట్టి, ఆ గట్టు మీదుగా మూత వేయాలి.

కొత్తవాడ బిడ్డ | ఆగస్టు 22, రాత్రి 9.15

మా వరంగల్ కొత్తవాడలో జంపఖానాలు నేస్తారని అందరికీ తెలుసు. మగ్గం మీద నుంచి దించిన తరువాత కొసలు సరిచేసేటప్పుడు జానెడు, బెత్తెడు ముక్కలు మిగులుతాయి. ఆ నూలు ముక్కను గట్టిగా చుట్ట చుట్టి, చివర కుట్టి, నడుమ విరిగిన స్కేలు ముక్క దూర్చితే బోర్డు తుడిచే డస్టరు తయారవుతుంది. దుకాణంలో దొరికే డస్టరు పొడిని అటూ ఇటూ పూస్తుంది, దళసరి నేత నూలు పొడిని తనలో పట్టుకుంటుంది. మాసితే ఉతకవచ్చు. బడి సామాను కాదని మీరు అభ్యంతరం చెప్పవచ్చు కానీ స్కేలు ముక్క బడిదే కదా.

కరీంనగర్ అట్టల పని | ఆగస్టు 23, ఉదయం 11.00

నేను పుస్తకాలకు బైండింగు చేసేవాడిని. సగం రాసిన నోటుపుస్తకాలు ఉన్నాయని మొదటి పోస్టులోనే రాశారు, ఇంతసేపూ ఎవరూ వాటి జోలికి పోలేదు. 32 మంది పిల్లలు తలా ఒక జంట కాగితం తెస్తే టీచరుకు మంచి పుస్తకం అవుతుంది. జంట కాగితం అంటే నోటుపుస్తకం నడిమి పేజీ దగ్గర పిన్నులను మెల్లగా పైకెత్తి తీసిన, రెండాకులు కలిసి ఉన్న కాగితం. చింపిన ఒంటి ఆకులు తేవద్దు, వాటిని కుట్టలేము.

అన్నింటినీ ఒకే కట్టగా మడిస్తే మడత ఉబ్బి, లోపలి కాగితాలు బయటికి పొడుచుకు వస్తాయి. అందుకని ఎనిమిది కాగితాలకు ఒకటి చొప్పున నాలుగు కట్టలు చేయండి. ఒక్కొక్క కట్టకు మడత మీద మూడు రంధ్రాలు చాలు, నడుమ ఒకటి, పైకీ కిందికీ కొస నుంచి నాలుగు వేళ్ల దూరాన ఒక్కొక్కటి. దబ్బనం పెద్దవాళ్లు పట్టుకోవాలి. కుట్టడం మాత్రం పదేళ్ల పిల్లలు హాయిగా చేయగలరు, మంచిర్యాల అన్న గారు నిశ్చింతగా ఉండవచ్చు. పుస్తకం ఎత్తుకు రెండింతల దారం తీసుకోండి. లోపలి వైపు నుంచి నడిమి రంధ్రం గుండా బయటికి, బయటి నుంచి పై రంధ్రం గుండా లోపలికి, లోపల నడిమి రంధ్రాన్ని దాటుకుంటూ కింది రంధ్రం గుండా బయటికి, మళ్లీ నడిమి రంధ్రం గుండా లోపలికి. ఇప్పుడు రెండు కొసలూ లోపలే ఉంటాయి. లోపల నిలువుగా సాగిన పొడవాటి దారానికి ఒక కొస ఇటు, ఒక కొస అటు ఉండేట్టు చూసుకుని ముడి వేయండి. ఆ దారాన్ని నడుమ ఇరికించకుండా వేసిన ముడి నెల రోజుల్లో వదులవుతుంది.

అట్టల విషయంలో ఒకే జాగ్రత్త. అట్టకైనా కాగితానికైనా నార ఒక దిక్కుగా పారి ఉంటుంది. అట్టను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మెల్లగా వంచి చూడండి, ఏ వైపు సులువుగా వంగితే ఆ మడత పుస్తకం వెన్నుకు సమాంతరంగా ఉండాలి. ఎదురు పెడితే జిగురు తడికి పుస్తకం పడవలా వంగుతుంది.

జిగురుకు ఒక చెంచా మైదాను ఐదారు చెంచాల నీటిలో ఉండలు లేకుండా కలిపి, సన్నని మంట మీద గరిటె ఆపకుండా ఉడికించండి. రెండు రోజులకు మించి నిలవ ఉంచవద్దు. పురుగు పట్టకుండా మా పనిలో మైలుతుత్తం కలుపుతారు, అది విషం, పిల్లల చేతికి ఇచ్చే జిగురులో కలపనే కూడదు. బట్ట మీద బొమ్మలు వేసే చేర్యాల నకాషీ కళాకారులు ఆ బట్టను సిద్ధం చేయడానికి చింతగింజల జిగురు వాడతారు, దాని పట్టు మైదాకు రాదు, కానీ గింజలు నానబెట్టి రుబ్బి ఉడికించే ఓపిక ఉన్నవారికే ఆ మాట.

హనుమకొండ అమ్మ | ఆగస్టు 23, సాయంత్రం 6.45

అట్టల పని అన్న గారూ, ఇది పిల్లలకు చెప్పగానే ఎగిరి గంతులు వేశారు. ఒక్కొక్క కాగితం మొదటి పేజీలో పంతులు గారు చెప్పినట్టు టీచరు దగ్గర నేర్చుకున్న ఒక్క సంగతి రాసి, మిగిలిన మూడు పేజీలు టీచరు రాసుకోవడానికి ఖాళీగా వదలాలని వాళ్లే తీర్మానించుకున్నారు. ఇక్కడ నాకు రెండు సందేహాలు. నాలుగు కట్టలను ఒకదానితో ఒకటి ఎట్లా కలపాలి? పైన అట్ట మీద ఏమి వేయాలి?

జనగామ లెక్కల సారు | ఆగస్టు 23, రాత్రి 8.30

అట్ట మీదికి మన కాకతీయ కళాతోరణం కన్న తగినది ఏముంటుంది? రంగు కాగితాన్ని నిలువుగా సగానికి మడిచి, మడత వైపు నుంచి సగం తోరణం మాత్రమే గీయించండి, అంటే ఒక పక్క స్తంభాలు, సగం దూలం, పైన కొసన ఒక హంస. మొన తేలిన కత్తెర కాకుండా మొద్దు మొన కత్తెరతో కత్తిరించి విప్పితే తోరణం పూర్తిగా వస్తుంది, హంసలు రెండవుతాయి. సౌష్ఠవం అనే పాఠానికి వేరే బొమ్మ అక్కరలేదు.

మంచిర్యాల నాన్న | ఆగస్టు 23, రాత్రి 8.50

ఇది పిల్లల పని అని ఒప్పుకుంటున్నాను. అయితే వాళ్లు రాసే వాక్యాలను పెద్దవాళ్లు దిద్దవద్దు. అక్షర దోషం ఉంటే ఉండనివ్వండి, ఆ చేతిరాత ఎవరిదో టీచరు గుర్తుపట్టేది వాటితోనే.

పరకాల పాత పంతులు | ఆగస్టు 23, రాత్రి 9.30

నూటికి నూరు పాళ్లు నిజం. ఇంకొక మాట, అయిదో తేదీకి పూర్తి కాకపోతే కంగారు పడవద్దు. తెలుగు టీచరయితే కాళోజీ జయంతి అయిన సెప్టెంబరు 9న, తెలంగాణ భాషా దినోత్సవం నాడు ఇవ్వండి. మహిళా టీచరయితే జనవరి 3న సావిత్రిబాయి ఫూలే జయంతి ఉన్నది. తొందరలో కుట్టిన కుట్టు బిగువుగా ఉండదు.

కరీంనగర్ అట్టల పని | ఆగస్టు 24, ఉదయం 10.20

నాలుగు కట్టలను కలపడానికి చార్టు కాగితంతో విసనకర్ర మడత చేయండి. ఒక్కొక్క కట్ట వీపును ఒక్కొక్క లోయలో పెట్టి, నేను చెప్పిన మూడు రంధ్రాల కుట్టును చార్టు మడతతో కలిపి వేయండి. వెన్నుకు జిగురు అక్కరలేదు, పుస్తకం ఎక్కడ తెరిచినా పూర్తిగా పరుచుకుంటుంది. రెండు చివర్లలో మిగిలిన చార్టు ముక్కలను అట్టల లోపలి వైపుకు అతికిస్తే సరి.

హనుమకొండ అమ్మ | సెప్టెంబరు 6, రాత్రి 9.00

ఆలస్యానికి క్షమించండి, జరిగినదంతా రాస్తాను.

కాగితాలు పోగయ్యేసరికి మాకు తెలిసింది ఏమిటంటే ఏ రెండు నోటుపుస్తకాల గీతలూ ఒకటి కావు. ఒంటి గీతలవి, నాలుగు గీతలవి, గళ్లవి, గీతలే లేని డ్రాయింగు పుస్తకానివి, అన్నీ వచ్చాయి. కొలతలు కూడా వేరువేరు. పెద్దవాటిని చిన్నదాని కొలతకు కత్తిరిద్దామని నేను అంటే పిల్లలు ఒప్పుకోలేదు, కత్తిరిస్తే రాసిన అక్షరాలు పోతాయన్నారు. అందుకే పుస్తకం అంచు మెట్లు మెట్లుగా ఉన్నది, చూడగా చూడగా అదే బాగుందనిపించింది. వెనుక అట్ట మాత్రం మీరు హెచ్చరించినట్టే పడవలా వంగింది. నార సరిచూసే పెట్టాము, మరి ఎందుకు వంగిందో తెలియలేదు.

ముగ్గురు పిల్లలు జ్వరాలతో బడికి రాలేదు. వాళ్ల కాగితాలు ఖాళీగానే కుట్టాము. టీచరు పుస్తకం అందుకుని నిలబడే మొదటి కట్ట మొత్తం చదివారు. ‘టీచర్ నీళ్ల సీసా మూత తిప్పి కుడి ఎడమలు నేర్పింది’ అన్న వాక్యం దగ్గర ఆగి, అది రాసిన పిల్లవాడి వైపు చూశారు. చివరి కట్టలో ఖాళీ కాగితాలు వచ్చినప్పుడు వాటి మీద ఆ ముగ్గురి పేర్లు పెన్సిలుతో రాసి, వాళ్లు వచ్చాక రాయిస్తానన్నారు. పెన్సిళ్ల డబ్బా కూడా రబ్బరు బ్యాండ్లతో చేసి ఇచ్చాము, లెక్కల సారు చెప్పినట్టు సరిగ్గా 36 పట్టాయి. ఈ సాయంత్రానికి 34 ఉన్నాయని పాప చెప్పింది, రెండు తరగతిలో ఎవరికో వెళ్లాయట.

కరీంనగర్ అట్టల పని | సెప్టెంబరు 7, ఉదయం 10.40

అట్టకు పై వైపు మాత్రమే రంగు కాగితం అతికించి ఉంటారు. ఆ కాగితం ఆరుతూ ముడుచుకుని అట్టను తన వైపు లాగుతుంది. లోపలి వైపు కూడా అంతే కాగితం అతికించి, రాత్రంతా బరువు కింద ఉంచితే రెండు లాగులూ సమమై తిన్నగా నిలుస్తుంది. ఇప్పటికీ మించిపోలేదు, టీచరును అడిగి ఒక్క రోజుకు తెచ్చుకోండి.

నర్సంపేట అక్క | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 1.15

అట్టల పని అన్నా, మా బడిలో 9వ తేదీకి ఇదే చేద్దామనుకుంటున్నాము. ఆ విసనకర్ర మడత కొలతలు కాస్త చెబుతారా? నేను రెండుసార్లు మడిస్తే ఒకసారి మూడు లోయలు, ఇంకొకసారి ఐదు వచ్చాయి.

కరీంనగర్ అట్టల పని | సెప్టెంబరు 7, మధ్యాహ్నం 3.00

అక్కా, పుస్తకం ఎత్తు ఎంతో చార్టు ముక్క ఎత్తు అంతే ఉండాలి, పొడవు 26 సెంటీమీటర్లు తీసుకోండి. ఎడమ అంచు నుంచి స్కేలు పెట్టి 7, 9, 11, 13, 15, 17, 19 దగ్గర పెన్సిలుతో నిలువు గీతలు గీయండి. 7, 11, 15, 19 లోపలికి మడిచే లోయలు, 9, 13, 17 బయటికి మడిచే గట్లు. రెండు చివర్లలో ఏడేసి సెంటీమీటర్లు అట్టలకు అతికించడానికి మిగులుతాయి. మడవబోయే ముందు ప్రతి గీత మీద సిరా అయిపోయిన పెన్నుతో ఒకసారి గట్టిగా గీకండి, చార్టు పగలకుండా మడత పడుతుంది.